నాన్న మాట మీద డ్రమ్ములు

హలో… ఆ, నేనేలే అక్కా, నా ఫోను ఇంకెవరెత్తుతారు. పొద్దున్నుంచి నీ ఫోన్ కోసమే కాచుకుని కూర్చున్నా. చెప్పు, ఎలా ఉంది?

…

అదే, నీ కూతురి పెళ్ళికి, మన చిన్ని పెళ్ళికి నేను తీసిన సినిమా. నిన్న సాయంత్రం అందరూ కూర్చుని చూశారుగా. ఎంతమంది… పద్నాలుగు మందా. వియ్యాలవారు కూడానా. అంటే హౌస్‌ఫుల్.

మరి నీ గొంతు అలా ఉందేంటి… ఏ సీను?

…నాన్న సీనా.

అవును… అవును, నాన్న కెమెరా దాకా నడిచొచ్చి ఏదో అంటాడు. పెదాలు కదులుతాయి. ఆ… డ్రమ్ములు వినపడతాయి. ఆ డ్రమ్ములు నేనే వేశా.

చెప్తా. చెప్తానంటున్నాగా. నాన్న గొంతు మన దగ్గర ఇంకెక్కడా లేదని నాకు తెలీదా? ముప్పై ఏళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆడించిన మనిషి, ఫోను చేతికిస్తే చెవికి పెట్టుకోకుండా ఎదురుగా పట్టుకుని బొమ్మ ఎప్పుడొస్తుందా అని చూసేవాడు. చిన్ని పెళ్ళయిన ఇరవై రోజులకి వెళ్ళిపోయాడు. నాకూ నాన్నే కదక్కా.

…

అమ్మ ఏం చేస్తోంది?

టీవీకి చెవి ఆనించి… పొద్దున్నుంచా?

డ్రమ్ములకి చెవి దిమ్మెక్కి, మందు చుక్కలు వేసుకుని మళ్ళీ కూర్చుందా. …అయ్యో.

అసలు నాన్న ఏమన్నాడని మీరంతా అనుకుంటున్నారు? …నీకు 'చిన్నీ, చల్లగా ఉండమ్మా' అన్నట్టుందా. బావకో? …'కుర్చీలు చాల్లేదురా' అన్నట్టుందా. బావకి ఆ రోజంతా కుర్చీలే కనపడ్డాయిలే. మరి అమ్మకి?

…తన పేరు పెట్టి పిలిచాడని.

నలభై ఐదేళ్ళలో ఒక్కసారైనా పిలవలేదుగా. 'ఏయ్', 'ఎక్కడా', 'ఇదిగో'… అంతేగా. ఆ, అందుకా చెవి ఆనించింది.

సరే. సరే అక్కా. వెతుకుతా. కంప్యూటర్ ఇప్పుడే ఆన్ చేశా, అది లేవడానికి ఐదు నిమిషాలు పడుతుంది, దానికీ నాకూ ఒకటే బద్ధకం. ఈలోపు మిగతా సినిమా ఎలా ఉందో చెప్పు.

…

చీకటా? ఏం చీకటి… మీ వియ్యంకుడుగారికి ఆయన ఎక్కడున్నారో ఆయనకే కనపడలేదా. అక్కా, దాన్ని చీకటి అనకూడదు. అది ఇప్పటి వెలుతురు. ఈమధ్య ఏ సినిమా అయినా చూడు. హీరో బొగ్గుగనిలో పుడతాడు, బొగ్గుగనిలో పెరుగుతాడు, ఎవడైనా కిటికీ తెరిస్తే వాణ్ణి నరుకుతాడు. వెలుతురు పెట్టి తీస్తే జనం 'ఇదేంటి, సీరియలా' అంటున్నారు. …మధ్యాహ్నం భోజనాలే, కాదనను. ఆ హాలుకి ఇరవై రెండు కిటికీలు, అదీ కాదనను. ఒక్కో కిటికీని విడివిడిగా ఆర్పా కంప్యూటర్లో. నాలుగు రోజులు పట్టింది. ఎవరైనా ఒక్కరు మెచ్చుకున్నారా?

మనుషుల్ని పళ్ళు చూసి గుర్తుపట్టొచ్చుగా. …ఆయనవి కట్టుడుపళ్ళా. భోజనానికి ముందు తీసి జేబులో వేసుకున్నారా. మరి అది నాకెలా తెలుస్తుంది.

ఎంట్రీ ఎలా ఉంది? అల్లుడి ఎంట్రీ… పదకొండు నిమిషాలు కాదు, పది నిమిషాల నలభై సెకన్లు. ముందు బూటు. తర్వాత కారు తలుపు. మళ్ళీ బూటు, రెండోది. బెల్టు, వాచీ, మెడ వెనకాల, గాలికి ఎగిరే కాగితం ముక్క… మొహం అన్నిటికంటే చివర. ఇప్పుడంతా అదే పద్ధతి. మొహం ముందే చూపించేస్తే విజిల్ ఎక్కడ వెయ్యాలో జనానికి ఎలా తెలుస్తుంది?

వాళ్ళమ్మే 'ఎవడీ రౌడీ' అందా? చూశావా మరి. పండింది.

…

ఏంటీ, అల్లుడు సోఫా మీద పడుకున్నాడా? ఎందుకు, ఏమైనా మాటామాటా…

ఎవరు, అల్లుడి నాయనమ్మా? పెళ్ళి కాలేదందా? …అక్కా, మూడు నెలలయింది. వాళ్ళు కాపురం చేసుకుంటున్నారు. ఫ్రిజ్ కూడా కొన్నారు.

ఆ… ఆ… అవును, సినిమా అక్కడే ఆపా. రిజిస్ట్రారు ఆఫీసులో చిన్ని పెన్ను చేతిలోకి తీసుకుంటుంది, పెన్ను కాగితం దాకా వస్తుంది, ఆగుతుంది, తెర నల్లగా అయిపోతుంది, 'మిగతా సంతకం రెండో భాగంలో' అని పడుతుంది. అంతేగా? ఇప్పుడు ఒక్క భాగంలో ఎవరు ముగిస్తున్నారు చెప్పు. మొన్న నేను చూసినదాంట్లో హీరో దాహమేసి గ్లాసు ఎత్తాడు, రెండో భాగం అన్నారు. వాడు నీళ్ళు తాగాడో లేదో తెలియాలంటే ఇంకో రెండేళ్ళు ఆగాలి. నేను రెండు నెలలేగా ఆగమన్నా.

ఆవిడకి ఆఫీసు కాగితం చూపించండి. స్టాంపు ఉంటుంది… చూపించారా? ఏమందీ?

'కాగితాలు ఎవరైనా చేయించుకుంటారు, సినిమాలో సంతకం పడలేదు, పిల్లాడు సోఫాలోనే' అందా.

…ఏంటి, ఇంకో సాక్ష్యం కూడా ఉందా ఆవిడ దగ్గర?

ఓ. అది. 'ఇందులోని పాత్రలన్నీ కల్పితం, ఎవరినైనా పోలి ఉంటే యాదృచ్ఛికం' అని మొదట్లో వేశా. అందరూ వేస్తున్నారక్కా. అది లేకపోతే సినిమా నగ్నంగా ఉన్నట్టుంటుంది. …ఆవిడ అది గట్టిగా చదివి వినిపించిందా. పద్నాలుగు మందికీ.

నవ్వట్లేదు. దగ్గొచ్చింది.

ఆ, కంప్యూటర్ లేచింది. చూస్తున్నా, చూస్తున్నా. కింద తాళాలు చేసేవాడు మొదలెట్టాడు, ఒక్క నిమిషం, కిటికీ వేస్తా.

…

ఆ, చెప్పు. అల్లుడి పిన్ని ఎందుకు ఏడ్చింది?

'ఉప్పు కొంచెం తగ్గింది' అంది, అంతేగా. ఆవిడ ఆ మాట అనగానే నేను తొమ్మిది మంది మొహాలు చూపించా, ఒక్కొక్కరిని మూడుసార్లు. పక్కనుంచి, ఎదురుగా, కింద నుంచి. ఉరుములు కూడా వేశా. అక్కా, అది సీరియల్ వాళ్ళ విద్య. మధ్యాహ్నం సీరియల్ చూడు, ఒకావిడ 'తలుపు తియ్యి' అంటే ఆ తలుపు తియ్యడానికి శుక్రవారం దాకా పడుతుంది. అంతసేపూ మొహాలే. నేను సినిమా, సీరియలు రెండూ కలిపా. ఇంతవరకు పెళ్ళి వీడియోల్లో ఎవరూ కలపలేదు.

…వంటాయన ఫోన్ చేసి ఇంకెప్పుడూ రానన్నాడా. ఆయన మొహం తొమ్మిదోది. పెట్టాల్సింది కాదేమో.

మరి మీ వియ్యపురాలుగారు? ఆవిణ్ణి తలచుకుంటే నాకే భయంగా ఉంది. కింద నుంచి తీశా, వెనకాల ఫ్యాను తిప్పించా, ఆవిడ నడిచొస్తుంటే నలభై మంది మగవాళ్ళు ఏ భాషో తెలియని భాషలో అరుస్తుంటారు… లేదు, నాకూ తెలీదు ఏ భాషో. ఎవరికీ తెలియకూడదు, అదే దాని రహస్యం. ఇప్పుడు హీరో కంటే విలన్‌కే ఎక్కువ శ్రద్ధ పెడుతున్నారు, ఎవరో ఒకరు విలన్ ఉండాలిగా పెళ్ళికి… తిట్టిందా? చెప్పు, తట్టుకుంటా.

…

ఫోన్ రింగుటోనుగా కావాలందా.

చూడు. మీ పద్నాలుగు మందిలో సినిమా తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

ఇంకేంటి… టైటిల్స్ అయ్యాక వచ్చిన జంటా? ఎవరా? …మనవాళ్ళు కాదు. పళ్ళ డాక్టరుగారి కూతురు, అల్లుడు. వచ్చే నెల నేను తియ్యబోయే పెళ్ళి. ఇప్పుడు ఒక కథ చివర్లో ఇంకో కథ మనుషులొచ్చి తొంగిచూసి వెళ్ళాలక్కా. మీ అల్లుడు కూడా వాళ్ళ సినిమాలో ఒక చోట గొడుగు పట్టుకుని వస్తాడు. అతన్ని అడిగానా అనా? అడుగుతా. ఎటూ సోఫా మీదే ఉన్నాడుగా, ఖాళీయే.

…

అక్కా?

హలో… ఉన్నావా?

…వెతుకుతున్నానన్నా కదా. అబద్ధం ఎందుకు చెప్తా.

నాన్న అనేవాడు. ఆ, నాకూ గుర్తుంది. 'బొమ్మ మసకైతే జనం ఊరుకుంటారు, మాట పోతే కుర్చీలు విరగ్గొడతారు.' నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ ప్రొజెక్టరు గదిలో ఎన్నిసార్లు చెప్పాడో. రీలు తిరుగుతుంటే ఆ చప్పుడుకి మనకేమీ వినపడదు, ఆయన మాత్రం చిన్న కంతలోంచి హాల్లోకి చెవి పెట్టేవాడు. మాట సరిగ్గా వెళ్తోందా అని.

ఆ రోజులు పోయాయక్కా. ఇప్పుడు మాటల్ని ఎవరూ— నేను వారానికి నాలుగు చూస్తా, నన్నడుగు. మాట మొదలవ్వగానే సంగీతం వచ్చి దాని మీద కూర్చుంటుంది. హీరో ఏదో అంటాడు, దడదడదడ, పక్కవాడు ఏదో అంటాడు, దడదడదడ, బయటికొచ్చాక 'డైలాగులు అదిరిపోయాయి' అంటారు జనం. ఒక్కటి చెప్పమను, చెప్పలేరు. నేనూ అనుకున్నా, మాటలెవరికి కావాలీ అని. నాన్న నడిచొచ్చే సీను చాలా బాగా వచ్చింది. చిన్న పాత్ర, పెద్ద మనిషి, ఇంటర్వెల్ ముందు ఒక్కసారి వచ్చి నిలబడతాడు… దానికి డ్రమ్ములు పడాలి. పడితే ఒళ్ళు జలదరించాలి. నాకు జలదరించింది కూడా. అప్పటికి నాన్న ఉన్నాడు. పక్క గదిలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆయన గొంతు వినాలంటే తలుపు తీస్తే చాలు.

…

మాటలు తీసేశానక్కా.

తీసేశా అంటే… మొత్తం. కంప్యూటర్లో చోటు చాల్లేదు. బూట్లకే చాలా చోటు పట్టింది. బొమ్మలు ఉంచుకుని, మాటలన్నీ చెరిపేశా. పోయిన నెల. నాన్న పోయాక కూడా నాకు తట్టలేదు. ఆ కుప్పలో నాన్న మాట ఉందన్న సంగతే తట్టలేదు.

…

తిట్టు. ఏదో ఒకటి అను.

…

అక్కా, ఏడవకు. అమ్మకి వినపడుతుంది. …వినపడదులే, చెవిలో మందుందిగా. అయినా ఏడవకు.

కంప్యూటర్ అంతా వెతికానక్కా, అది లేచినప్పటి నుంచి అదే పని. నోరు ఒకపక్క, చెయ్యి ఒకపక్క. 'పెళ్ళి ఒకటి' ఫైల్లో లేదు. 'పెళ్ళి ఒకటి కొత్తది' లేదు. 'పెళ్ళి ఆఖరుది', 'పెళ్ళి నిజంగా ఆఖరుది'… అన్నిట్లో డ్రమ్ములే.

…

ఆగు.

'తప్పులు' అని ఒకటుంది.

చెప్తా, ఉండు. సినిమా అయిపోయి పేర్లు పడుతుంటే పక్కన చిన్న బొమ్మలో తప్పులు చూపిస్తారు చూడు. డైలాగు మర్చిపోయి నవ్వడం, గుర్రమెక్కబోయి అటువైపు పడిపోవడం. ఈ రోజుల్లో సినిమా మొత్తంలో మాటలు స్పష్టంగా వినపడేది అక్కడొక్కచోటే. మన రెండో భాగం చివర్లో పెడదామని నేనూ చెడిపోయినవన్నీ ఒకచోట దాచా. అవి మాటలతోనే దాచాలి. మాట లేకపోతే నవ్వు రాదుగా.

తెరుస్తున్నా… ఇది బావ, గ్రూపు ఫోటోలో తుమ్మాడు. ఇది వియ్యంకుడుగారు, జేబులో వెతుక్కుంటున్నారు… ఓ, పళ్ళ కోసమా. ఇది చెంచా కిందపడింది. ఇది చెంచా మళ్ళీ పడింది.

…

అక్కా. నాన్న.

ఉన్నాడు. అదే చొక్కా. అల్లుడి బూటు కార్లోంచి దిగే షాటు, భోజనాలప్పుడు మూడోసారి తీస్తున్నా, సరిగ్గా కెమెరాకి అడ్డంగా వచ్చేశాడు. అందుకే తప్పుల్లో వేశా. ఇందులోంచే ముక్క కోసి డ్రమ్ములు పెట్టా. మాట ఇక్కడుంది. మర్చేపోయా.

పెట్టనా? అమ్మని పిలువు. …స్పీకర్లో పెట్టు. పెట్టావా? ఫోను కంప్యూటర్ దగ్గర పెడుతున్నా. ష్.

…

…

వినపడిందా?

ఏం వినపడింది… గరగర అనా? కింద తాళాలవాడు. కిటికీ వేసినా వాడు వాడే. ఫోన్లో రాదులే ఇలా. ఉండు, నేనే విని చెప్తా. ఆపి ఆపి, ఒక్కో మాటా. నాది మంచి చెవి, నాన్న చెవి.

'ఒరేయ్' అన్నాడు.

…అవును, అదే 'ఒరేయ్'. సాగదీసి.

'ఒరేయ్, ఆ డబ్బా పనిచేస్తోందా?' అన్నాడు. కెమెరానే డబ్బా అంటున్నాడు. నేను ఊఁ అన్నా.

తర్వాత… ఆగు, మళ్ళీ వింటా.

…

అక్కా, నీ గురించే.

నీ గురించే అంటున్నా. 'అక్క పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదురా. అందరికీ వడ్డించుకుంటూ తిరుగుతోంది. నువ్వా డబ్బా పక్కన పెట్టి దానికో ప్లేటు పట్టుకెళ్ళు.'

…

అంతే. కుర్చీలు లేవు. దీవెనా లేదు. ప్లేటు.

నేనా? నేనేమన్నాననా…

అది కూడా వినపడుతోంది. చాలా స్పష్టంగా. 'నాన్నా, తప్పుకో, ఫోకస్ పోతోంది.'

…

మనిషి తప్పుకున్నాడు. తప్పుకుంటూ, 'సర్లే, నేనే పట్టుకెళ్తా' అన్నాడు.

…తెచ్చాడా? నీ దగ్గరికి?

నువ్వేమన్నావు?

…'ఇప్పుడు కాదు నాన్నా, అక్కడ పెట్టు.'

…

కిటికీలో పెట్టాడా. ఇరవై రెండిట్లో ఏ కిటికీ… అది నేను చీకటి చేసేశాను కదక్కా. కనపడదు. తీస్తా. ఆ చీకటి తీసేస్తా. అన్ని కిటికీలకీ తీసేస్తా.

…

అమ్మ ఏమంటోంది? …తన పేరు లేదా అంటోందా. ఏం చెప్పను. …నువ్వేదో ఒకటి— ఆగు, ఆగు. ఇంకా కొంచెం ఉంది. నాన్న వెనక్కి తిరిగి వచ్చాడు. గొంతు తగ్గించి…

'మీ అమ్మకి చెప్పకు, నేను రెండుసార్లు తిన్నానని.'

…

నవ్వుతోందా? అది అమ్మ నవ్వేనా? …ఏమంటోంది?

'ఆ రోజే తెలుసు, చొక్కా మీద మరక చూశా' అంటోందా. 'రెండు కాదు, మూడు' అంటోందా.

లే అని చెప్పు ఆ టీవీ దగ్గర్నుంచి. నేను పెన్‌డ్రైవులో వేసుకుని తెస్తా, అక్కడ బాగా వినపడుతుంది. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. లేదక్కా, దాని మీద ఏమీ వెయ్యను. వెనకాల చిన్న వేణువు కూడా వెయ్యను. ఒట్టు.

నాయనమ్మగారికి సంతకం కూడా తెస్తా. పెన్ను పెట్టడం, రాయడం, స్టాంపు పడటం. మామూలు వేగంలో. అల్లుణ్ణి దిండు సర్దుకోమను.

…

అక్కా, ఒకటడుగుతా. ఇవాళ తిన్నావా?

…

అందరికీ పెట్టాననడం కాదు. నువ్వు?

టైమెంతో చూశావా, మూడున్నర.

…ఉండు. వస్తున్నా. పొట్లం కాదు, ప్లేటులోనే పట్టుకొస్తా. అక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు అనకూడదు మరి. నువ్వు తినేదాకా ఎదురుగా కూర్చుంటా.

…

లేదు. కెమెరా తేను.

ఫోను పెట్టెయ్యక్కా.